అతుకుల్లోనే అసలు చిక్కు: పాత ఎంజీబీ కారులో కరెంటు, వేడి సమస్యలపై ఒక సమీక్ష

ఎంజీబీ స్పోర్ట్స్ కారు వైరింగు పటమంతా ఒక్క పేజీలో ఇమిడిపోతుంది. కంప్యూటరు లేదు. తొలి మోడళ్ళలో కరెంటుకు కాపలాగా ఉన్నవి రెండే ఫ్యూజులు. ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటు కూడా అంతే తేలిక: రేడియేటరు, వాటర్ పంపు, థర్మోస్టాట్, బెల్టుతో తిరిగే ఫ్యాను. అయినా ఇంత సాదా బండిలో హెడ్‌లైట్లు ఎందుకు మసకబారుతున్నాయో, రాత్రి వానలో బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో, ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత మీటరు ముల్లు ఎందుకు పైకి ఎగబాకుతోందో తేల్చలేక యజమానులు నెలల తరబడి తిప్పలు పడుతుంటారు. డైనమో మారుస్తారు, కాయిల్ మారుస్తారు, రేడియేటరు కొత్తది వేయిస్తారు. బిల్లు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

దీనికి పరిష్కారం చెప్పేవాళ్ళలో మూడు వర్గాలున్నాయి. అనుమానం వచ్చిన భాగం మార్చి చూడమనేది ఒక వర్గం. పాత సామాను తీసేసి ఈ కాలపు ఎలక్ట్రానిక్ సామాను పెట్టమనేది రెండోది. ఫ్యాక్టరీలో ఎలా తయారైందో అలాగే ఉంచి, అతుకులు శుభ్రం చేసుకుంటే చాలనేది మూడోది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: పాత కారు కరెంటు జబ్బుల్లో ఎక్కువ భాగం వస్తువుల్లో ఉండదు, వస్తువుల్ని కలిపే అతుకుల్లో ఉంటుంది. వేడి సమస్యల్లోనూ కొన్నింటికి నీళ్ళతో సంబంధమే లేదు, అవి కరెంటు సమస్యలే. అందుకే ఏది మార్చాలన్నా ముందు కొలవాలి.

మనకు తెలిసిన కుటుంబమే

ఎంజీబీని 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారుచేశారు. టాపు తీసే రోడ్‌స్టర్, 1965లో వచ్చిన జీటీ కలిపి ఐదు లక్షలకు పైగా బళ్ళు బయటికొచ్చాయి. వాటిలో పెద్ద భాగం అమెరికాకు వెళ్ళింది. లోపలున్నది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజన్, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ కూడా ఈ కుటుంబానిదే. అంబాసిడర్ మీద చేయి తిరిగిన మెకానిక్ ఎంజీబీ బానెట్ ఎత్తితే డిస్ట్రిబ్యూటరు, రాకర్ కవరు, ఎస్‌యూ కార్బురేటర్లు అన్నీ ఎరిగినవాళ్ళలాగే కనిపిస్తాయి.

కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకస్ కంపెనీది. ఆ కంపెనీ, టీవీఎస్ వాళ్ళు కలిసి 1961లో మద్రాసులో లూకస్-టీవీఎస్ పెట్టారు. మన మెకానిక్కులు సెల్ఫ్, డైనమో, కటౌట్ అని పిలుచుకునే సామాను మీద ఆ పేరు చూస్తూనే పెరిగారు. ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో లూకస్‌ను చీకటికి రాకుమారుడని ఎగతాళి చేయడం పరిపాటి. ఆ మాటలో న్యాయం తక్కువ. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో అత్యధికం లూకస్ సామానుతోనే నడిచాయి. ఏ కంపెనీ వైరైనా యాభై అరవై ఏళ్ళు చెమ్మలో, నూనె జిడ్డులో, ఇంజన్ అదురులో ఉంటే దాని చివర్లు చెడక మానవు. పైగా ఈ బళ్ళలో ఇప్పుడు కనిపించే అతుకుల్లో చాలావరకు లూకస్ వేసినవి కావు. మధ్యలో వచ్చిన యజమానులు రేడియో కోసం ఒకటి, ఫాగ్ లాంప్ కోసం ఒకటి ఇన్సులేషన్ టేపు చుట్టి కలిపినవి.

రంగులు చదవడం నేర్చుకోవాలి

బ్రిటిష్ వైరింగులో వైరు రంగే దాని ఊరూ పేరూ చెబుతుంది. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, దానికి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఫ్యూజు ఉండదు. తెలుపు వైరుకు తాళం తిప్పితేనే కరెంటు, దానికీ ఫ్యూజు లేదు. తెలుపు ఫ్యూజు దాటాక ఆకుపచ్చ అవుతుంది: ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వైపరు, పెట్రోలు మీటరు దాని మీద నడుస్తాయి. గోధుమ రంగు ఫ్యూజు దాటితే ఊదా: హారను, లోపలి దీపం. ఎరుపు సైడ్ లైట్లకు, నీలం హెడ్‌లైట్లకు. నలుపు ఎర్త్.

ఈ కాస్తా మనసులో పెట్టుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, పెట్రోలు మీటరు మూడూ ఒకేసారి ఆగిపోతే మూడు వస్తువులు ఒక్కసారిగా చెడ్డాయని కాదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఆకుపచ్చ ఫ్యూజు, దాని పట్టీ, దానికి వచ్చే తెలుపు వైరు చూడాలి. ఫ్యూజు కాలకపోయినా దాన్ని పట్టుకునే రాగి రెక్కలు పచ్చగా చిలుము పట్టి ఉంటే కరెంటు సరిగ్గా దాటదు. ఫ్యూజు తీసి, రెక్కల్ని సన్నని గరుకు కాగితంతో రుద్ది, కాస్త దగ్గరికి నొక్కితే చాలాసార్లు పని అయిపోతుంది.

ఫ్యూజు విలువ దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది. పాత లూకస్ ఫ్యూజు మీద రాసిన 35 ఆంపియర్లు అది కాలిపోయే కరెంటు. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. ఈ కాలపు ఫ్యూజుల మీద వేసేది నిలకడగా మోసే కరెంటు. 35 అని చూసి ఈ కాలపు 35 ఆంపియర్ల ఫ్యూజు పెడితే, ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది.

కనిపించని అర వోల్టు

దీపం వెలగలేదంటే చాలామంది దీపానికి కరెంటు వస్తోందా అని చూస్తారు. వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతోందా అని చూసేవాళ్ళు తక్కువ. ఈ కారులో తిరుగు దారి కారు ఇనుప శరీరమే. దీపం గూడు తుప్పు పట్టినా, ఎర్త్ వైరు బోల్టు కింద రంగు ఉన్నా ఆ దారి ఇరుకవుతుంది. ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమంటోందంటే ఎర్త్ దొరకని కరెంటు పక్క దీపం గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. మన మెకానిక్కులు ఇలాంటి బండిని చూడగానే బాడీ ఎర్త్ చూడమంటారు. ఆ మాట అనుభవం మీద వచ్చింది, నూటికి నూరుపాళ్ళు నిజం.

అతుకుల్లో అన్నిటికంటే పేరుపడ్డది బుల్లెట్ కనెక్టరు. వైరు చివర ఇత్తడి గుండు ఉంటుంది. నల్ల రబ్బరు తొడుగులో ఉన్న లోహపు గొట్టంలోకి రెండు వైపుల నుంచి రెండు గుళ్ళు దూరుతాయి. పైకి చూస్తే తొడుగు నిగనిగలాడుతూ ఉంటుంది. గుండును మెల్లగా మెలితిప్పి లాగి చూస్తే దాని నున్నటి మెరుపు పోయి, గోధుమ రంగు పొర పట్టి ఉంటుంది. గొట్టం అంచు చీలి వదులై ఉంటుంది. ఎంజీబీలో ఇలాంటి కనెక్టర్లు ముందు గ్రిల్ వెనక, డాష్‌బోర్డు కింద, డిక్కీలో గుంపులు గుంపులుగా ఉంటాయి. ముందువి వాన నీటిలో తడుస్తాయి, అందుకే మొదట చెడేవి అవే.

ఇక్కడ మల్టీమీటరును వాడే పద్ధతే అసలు విషయం. వైరు తీసి దాని ఓములు కొలిస్తే మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తుంది, వైరు బాగుందనుకుంటాం. ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగినా ఆ పరీక్షలో వైరు నెగ్గుతుంది. సరైన పరీక్ష కరెంటు పారుతుండగా చేయాలి. హెడ్‌లైట్లు వేసి, మీటరు ఒక తీగను బ్యాటరీలో ఎర్త్ కాని కొన మీద, రెండో తీగను బల్బు దగ్గర కరెంటు వచ్చే కొన మీద పెట్టాలి. మధ్యలో ఎన్ని వోల్టులు పోతున్నాయో మీటరు చెప్పేస్తుంది. అలాగే బల్బు ఎర్త్ కొన నుంచి బ్యాటరీ ఎర్త్ కొన దాకా కొలవాలి. ఈ కారులో హెడ్‌లైట్లకు ఫ్యాక్టరీ రిలే పెట్టలేదు. దాదాపు పది ఆంపియర్లు లైటు స్విచ్చు, డిమ్-డిప్ స్విచ్చు, నాలుగైదు కనెక్టర్ల గుండా వెళ్ళాలి. దారిలో అంతా కలిపి 0.2 ఓముల అడ్డు ఉందనుకుంటే రెండు వోల్టులు అక్కడే ఆవిరి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో పాటు మూడుకు పైబడిన ఘాతంలో తగ్గుతుంది కాబట్టి రెండు వోల్టులు పోతే వెలుగు ఇంచుమించు సగమవుతుంది. కొత్త బల్బు వేసినా ఆ సగం తిరిగి రాదు.

సెల్ఫ్ దగ్గర లెక్క ఇంకా కఠినం. చల్లటి ఇంజన్‌ను తిప్పడానికి సెల్ఫ్ 200 ఆంపియర్ల దాకా లాగొచ్చు. దారిలో 0.01 ఓము అడ్డున్నా రెండు వోల్టులు పోతాయి. అంత చిన్న అడ్డును మామూలు మీటరు ఓముల్లో చూపించలేదు, వోల్టుల్లో మాత్రం స్పష్టంగా చూపిస్తుంది. ఎంజీబీలో ఇది తరచూ ఎదురవడానికి కారణం ఉంది. 1974 దాకా సీట్ల వెనక, నేల పలక కింద ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, వరసగా కలిపి ఉండేవి. అంటే రెండు బదులు నాలుగు టెర్మినళ్ళు, మధ్యలో అదనంగా ఒక కేబులు. మూత తీస్తే గానీ కనబడవు కాబట్టి వాటి మీద తెల్లటి చిలుము పేరుకుపోతుంది. రెండు బ్యాటరీల్నీ విడివిడిగా కొలవాలి. ఒకటి నీరసిస్తే రెండోది ఎంత గట్టిదైనా బండి కదలదు.

ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, దానంతట దానికి కారు శరీరంతో కరెంటు సంబంధం ఉండదు. ఆ సంబంధం కలిపేది అల్లిన ఎర్త్ పట్టీ ఒక్కటే. గేర్‌బాక్సు పని చేసినప్పుడు దాన్ని తిరిగి బిగించడం మరిచిపోవడం సర్వసాధారణం. అప్పుడు సెల్ఫ్ కరెంటు తిరుగు దారి కోసం వెతుక్కుని, చోక్ కేబులు, యాక్సిలరేటరు కేబులు గుండా వెళుతుంది. సెల్ఫ్ కొట్టి చూసి చోక్ గుండీ దగ్గర కేబులు తొడుగు ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఒక్కోసారి పొగ కూడా వస్తుంది. అది కనబడిన బండికి కొత్త సెల్ఫ్ అవసరం లేదు, పట్టీ కావాలి. సెల్ఫ్ తిరుగుతుండగా ఇంజన్ బ్లాకుకూ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య కొలిస్తే అర వోల్టు లోపు ఉండాలి. అంతకు మించితే తప్పు తిరుగు దారిలోనే.

ఛార్జింగు: ఏది ప్లస్, ఏది మైనస్

1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ ప్లస్ కొన బాడీకి ఎర్త్. ఆ తర్వాత మార్క్ 2 నుంచి మైనస్ ఎర్త్, డైనమో బదులు ఆల్టర్నేటరు. పాత బళ్ళను తర్వాత మైనస్ ఎర్త్‌కు మార్చినవాళ్ళూ ఎందరో ఉన్నారు. కాబట్టి తయారీ సంవత్సరం చూసి ఊహించకూడదు. బ్యాటరీ ఏ కొన బాడీకి బిగించి ఉందో కళ్ళతో చూశాకే చేయి పెట్టాలి. మైనస్ ఎర్త్ కోసం చేసిన రేడియో గానీ, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గానీ ప్లస్ ఎర్త్ బండికి తగిలిస్తే ఒక్క క్షణంలో పోతుంది.

తొలి బళ్ళలోని లూకస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. రాత్రి వానలో హెడ్‌లైట్లకు పది, ఇగ్నిషన్, పెట్రోలు పంపు, వైపరు, హీటరు ఫ్యాను, సైడ్ లైట్లు కలిపితే మరో పది దాటుతాయి. సిగ్నల్ దగ్గర ఇంజన్ నెమ్మదించగానే డైనమో ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు, అప్పుడంతా బ్యాటరీ నుంచే ఖర్చు. అందుచేత నగరంలో రాత్రిపూట బ్యాటరీ దిగడం డైనమో చెడిందనడానికి రుజువు కాదు. బెల్టు బిగువు, కటౌట్ కాంటాక్టులు చూసి, ఇంజన్‌ను కాస్త వేగంగా తిప్పి బ్యాటరీ కొనల మీద 14 వోల్టుల దరిదాపుల్లో ఉందో లేదో చూడాలి. ఆల్టర్నేటరు బళ్ళలో దాని వెనక ప్లగ్గు దగ్గర సరిపడా ఉండి బ్యాటరీ దగ్గర తగ్గితే, తేడా అంతా మధ్య అతుకులోనే.

బండి నిలబడి ఉండగా బ్యాటరీ దిగుతుంటే పద్ధతి వేరు. అన్నీ ఆపి, ఎర్త్ కేబులు విప్పి, మధ్యలో ఆంపియర్ల మీటరు పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ చూడాలి. ఊదా ఫ్యూజు తీయగానే కరెంటు ఆగితే లోపలి దీపం, హారను దారిలో వెతకాలి. ఏ ఫ్యూజు తీసినా ఆగకపోతే ఫ్యూజు లేని గోధుమ రంగు వైర్లు, ఆల్టర్నేటరు డయోడ్లు మిగులుతాయి.

నడుస్తూ నడుస్తూ ఆగిపోతే

ఎండ కాస్తున్న రోజు బండి నడుస్తూ ఆగిపోవడం, పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టవడం అందరినీ తికమక పెట్టే జబ్బు. ఇది పెట్రోలుదా, కరెంటుదా అన్నదే మొదటి ప్రశ్న. కరెంటుతో నడిచే ఆర్‌పీఎం మీటరున్న బళ్ళలో ఆ ప్రశ్నకు జవాబు కళ్ళెదుటే ఉంది. బండి గేరులో దొర్లుతుండగానే ఆ ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే ఇగ్నిషన్ దారిలో కరెంటు తెగింది: తెలుపు వైరు, కాయిల్ అతుకు, పాయింట్లు. ముల్లు బండి వేగంతో పాటే మెల్లగా దిగితే ఇగ్నిషన్ పనిచేస్తోంది, పెట్రోలు వైపు చూడాలి.

ఎస్‌యూ పెట్రోలు పంపు మాట్లాడే వస్తువు. తాళం తిప్పగానే టిక్ టిక్ మని గబగబా కొట్టుకుని, కార్బురేటరు గిన్నెలు నిండగానే ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటే పెట్రోలు అందడం లేదు, లేదా ఎక్కడో కారుతోంది. అసలు మాట్లాడకపోతే దాని పాయింట్లో, ఎర్త్ వైరో. చిన్నగా తట్టగానే కదిలితే పాయింట్లు కాలిపోయాయని అర్థం.

ఈ ఇంజన్‌లో కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే వైపున ఉంటాయి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కింద నుంచి వచ్చే సెగకు గిన్నెల్లో పెట్రోలు ఆవిరవుతుంది. మధ్యలో ఉండే వేడి అడ్డుపలక మీద పొర ఊడిపోతే ఈ బాధ ఎక్కువ. ఇది వేడి సమస్య. అచ్చంగా ఇవే లక్షణాలు ఇగ్నిషన్ కండెన్సరు వేడెక్కి చెడినప్పుడూ కనిపిస్తాయి. బండి ఆగిన ఆ నిమిషంలోనే ప్లగ్గు వైరు తీసి నిప్పురవ్వ చూడటం తప్ప రెండింటినీ విడదీసే దగ్గరి దారి లేదు. చూసేటప్పుడు పెట్రోలు కారడం లేదని, ఆవిరి పేరుకోలేదని నిర్ధారించుకోవాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే ఉంటాయి. ఇటీవల దొరికే కండెన్సర్లు, రోటరు ఆర్ములు కొన్ని నాసిరకంగా ఉంటున్నాయి. కొత్తది వేశాం కాబట్టి అది మంచిదే అనుకోవడం ఈ రెండు భాగాల విషయంలో అసలు చెల్లదు.

వేడెక్కింది బండా, మీటరా?

తొలి బళ్ళలో ఉష్ణోగ్రత మీటరుకు కరెంటుతో పనిలేదు. సన్నని గొట్టంలో వేడికి పెరిగే ఒత్తిడి ముల్లును తిప్పుతుంది. తర్వాతి బళ్ళలో అది కరెంటు మీటరు. డాష్‌బోర్డు వెనక చిన్న వోల్టేజీ స్టెబిలైజరు ఉంటుంది. వేడికి వంగే రెండు లోహాల పట్టీ కరెంటును తెంపుతూ కలుపుతూ సగటున 10 వోల్టులు ఉంచుతుంది. పెట్రోలు మీటరు, ఉష్ణోగ్రత మీటరు రెండూ దాని మీదే ఆధారపడతాయి. స్టెబిలైజరు ఎర్త్ ఊడితే లోపలి పట్టీ వేడెక్కదు, కరెంటు తెగదు, మీటర్లకు పూర్తి 12 వోల్టులు వెళతాయి. అప్పుడు పెట్రోలు ఎక్కువున్నట్టు, ఇంజన్ మరిగిపోతున్నట్టు రెండు ముళ్ళూ కలిసి పైకి లేస్తాయి. ఆ జంట లక్షణం చూడకుండా రేడియేటరు మార్చినవాళ్ళ డబ్బు వృథా. ఉష్ణోగ్రత ముల్లు ఒక్కటే పైకి పోతే సెన్సరు చూడాలి. దాని వైరు బాడీకి రాసుకుని షార్టయినా ముల్లు నేరుగా చివరికి పోతుంది.

థర్మోస్టాట్ గూడు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడటం ఇప్పుడు చవక పని. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న బండిలో 85, 90 చూపిస్తే అది ఆరోగ్యమే. రేడియేటరు మూత ఇచ్చే ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు. చదరపు అంగుళానికి 10 పౌన్ల మూత ఉంటే మరుగు స్థానం 115 డిగ్రీల చుట్టుపక్కలకు వెళుతుంది. మూత రబ్బరు ఎండిపోతే ఆ రక్షణ పోతుంది. కాబట్టి పొంగిపోయే బండిలో మొదట అనుమానించాల్సింది అన్నిటికంటే చవకైన ఆ మూతనే. వేడి ఇంజన్ మీద మాత్రం దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు.

నిజంగానే వేడెక్కుతుంటే ఎప్పుడు అన్నదే ఎక్కడ అన్నదానికి సమాధానం. ట్రాఫిక్‌లో ఎక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే దిగితే గాలి చాలడం లేదు: ఫ్యాను, బెల్టు, రేడియేటరు చుట్టూ గాలి తప్పించుకోకుండా ఉండాల్సిన అడ్డుపట్టీలు. ట్రాఫిక్‌లో బాగుండి హైవే మీద ఎక్కితే నీళ్ళు సరిగ్గా తిరగడం లేదు: రేడియేటరు గొట్టాల్లో మడ్డి, పంపు అరుగుదల, పీల్పుకు నొక్కుకుపోయే కింది హోస్ పైపు. రెండు చోట్లా ఎక్కితే ఇగ్నిషన్ టైమింగ్ ఆలస్యమైందా, పెట్రోలు మిశ్రమం పలచబడిందా, హెడ్ గాస్కెట్ పోయిందా అని చూడాలి. 1977 మోడళ్ళ నుంచి కరెంటు ఫ్యాన్లు వచ్చాయి. అక్కడ వేడి జబ్బు మళ్ళీ వైరింగు దగ్గరికే వస్తుంది. ఫ్యాను స్విచ్చు రెండు వైర్లూ తీసి కలిపితే ఫ్యాను తిరిగిందా, స్విచ్చు పోయినట్టు. తిరగలేదా, ఫ్యాను, దాని కరెంటు, దాని ఎర్త్ చూడాలి.

మన దగ్గర ఇంజన్ హీటెక్కితే థర్మోస్టాట్ పీకేయడం పాత అలవాటు. పూర్తిగా తెరుచుకునే థర్మోస్టాట్ నీళ్ళకు చెప్పుకోదగ్గ అడ్డు కాదు. బిగుసుకుపోయినదైతే కొత్తది వేయాలి. అసలు లేకుండా నడిపితే ఇంజన్ వేడి అందుకోదు, అరుగుదల, పెట్రోలు ఖర్చు పెరుగుతాయి, రేడియేటరులో మడ్డి ఉన్నచోటే ఉంటుంది.

హీటరు సంగతి

వేడి ఎక్కువవడమే కాదు, చలి దేశాల్లో లోపలికి వేడి రాకపోవడం కూడా ఈ కారు మీద పెద్ద ఫిర్యాదు. స్మిత్స్ హీటరు పెట్టె ఇంజన్ గది వెనక గోడలో ఇరికించి ఉంటుంది. దాన్ని బయటికి తీయడం మోచేతులు గీరుకుపోయే పని కాబట్టి తీయకుండా తేల్చుకునే పరీక్ష ముందు చేయాలి. ఇంజన్ వేడెక్కాక హీటరుకు వెళ్ళే రెండు హోసుల్నీ ముట్టుకోవాలి. రెండూ చల్లగా ఉంటే సిలిండరు హెడ్ మీదున్న వాల్వు తెరుచుకోవడం లేదు. తరచుగా దాని కేబులు పట్టు జారి ఉంటుంది. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే లోపలి జాలీ మడ్డితో పూడింది, లేదా గాలి బుడగ చిక్కుకుంది. రెండూ కాలుతున్నా లోపలికి చల్లగాలే వస్తుంటే జాలీ చుట్టూ ఉన్న స్పాంజి పట్టీలు పొడైపోయాయి. గాలి జాలీని తప్పించుకుని పక్క సందుల్లోంచి వస్తోంది. ఈ చివరి కేసులోనే పెట్టె దించక తప్పదు. ఫ్యాను మందకొడిగా తిరిగితే మోటారును తప్పుపట్టేముందు అది తిరుగుతుండగా దాని దగ్గర వోల్టులు కొలవాలి.

మూడు దారుల బేరీజు

భాగాలు మార్చి చూసే పద్ధతికి ఆకర్షణ ఎక్కువ, ఎందుకంటే ఎంజీబీకి దొరకని భాగమంటూ దాదాపు లేదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ కారు బాడీనే కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. కానీ ఈ పద్ధతి అతుకును ముట్టుకోదు. భాగం మార్చేటప్పుడు కనెక్టరు తీసి పెట్టడం వల్ల కాసేపు కాంటాక్టు కుదిరి జబ్బు నయమైనట్టు కనిపిస్తుంది. నెల తర్వాత తిరగబెడుతుంది. నాడి చూడకుండా మందిచ్చే వైద్యమిది.

కొత్తతరం సామాను పెట్టే దారిలో మంచి లేకపోలేదు. కండెన్సర్ల నాణ్యత పడిపోయిన ఈ రోజుల్లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు బలమైన కారణమే ఉంది. అయితే కరెంటును పసిగట్టి పనిచేసే పాత ఆర్‌పీఎం మీటరు కొన్ని యూనిట్లతో సరిగ్గా తిరగదు. ఎల్‌ఈడీ బల్బులు కరెంటు తక్కువ లాగుతాయి కాబట్టి పాత ఫ్లాషరు వాటితో మినుకు కొట్టదు. ఎక్కువ వాట్ల హాలోజెన్ బల్బులు రిలే లేకుండా వేస్తే స్విచ్చు కరుగుతుంది. బలహీనమైన అతుకుల మీద పెద్ద ఆల్టర్నేటరు పెడితే ఆ అతుకులే మొదట వేడెక్కుతాయి.

ఉన్నదున్నట్టు కాపాడాలనేవాళ్ళ మాట మూలంలో సరైనదని నా అభిప్రాయం. కానీ ఒక్కచోట వాళ్ళతో ఏకీభవించలేను. హెడ్‌లైట్లకు, ఇగ్నిషన్‌కు, పెట్రోలు పంపుకు ఫ్యూజు లేకపోవడం 1962లో ఎలా చెల్లినా, ఇన్సులేషన్ పెళుసెక్కిన ఈనాటి బండిలో నిప్పుతో ఆట. ఓవర్‌డ్రైవ్ అనే అదనపు గేరు ఏర్పాటు ఉన్న బళ్ళలో గేర్‌బాక్సు పక్కగా పోయే వైరు రాసుకుపోయి షార్టయితే, ఫ్యూజు లేని తెలుపు వైరు కట్ట మొత్తం కాలుతూ వస్తుంది. మనుషులు కూర్చునేది ఆ కట్ట పక్కనే. కాబట్టి మూడు మార్పులు ఏ బండికైనా చేయాలి: ఫ్యూజు లేని దారులకు ఫ్యూజులు, హెడ్‌లైట్లకు రిలేలు, బ్యాటరీని ఒక్క తిప్పుతో విడదీసే స్విచ్చు. కావాలంటే ఇవన్నీ మళ్ళీ తీసేయొచ్చు, ఏ వైరూ కోయాల్సిన పనిలేదు.

పైన చెప్పిన పరీక్షల్ని వరసలో పెడితే: ముందు బ్యాటరీ, దాని కొనలు, ఇంజన్ ఎర్త్ పట్టీ. తర్వాత ఫ్యూజు పెట్టె, బుల్లెట్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి శుభ్రం. ఆపైన కరెంటు పారుతుండగా వోల్టుల కొలత. వేడి విషయంలో ముందు మీటరు నిజం చెబుతోందో లేదో, తర్వాత మూత, బెల్టు, ఆపైన గాలా నీళ్ళా అన్నది. ఈ వరస పూర్తయ్యాకే కొత్త భాగం కొనాలి. ప్రతి కొలతా తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకోవాలి. వచ్చే ఏడు అదే చోట అర వోల్టు తేడా వస్తే బండి ఆగకముందే తెలుస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదు పాత షెడ్లలోనూ టెస్ట్ లాంపు పట్టుకుని ఎర్త్ వెతికిన తరానికి ఈ వరస ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతులకే వచ్చు. ఆ తరం రిటైరవుతోంది. స్కానర్ తగిలించి కోడ్ చదివే శిక్షణతో వస్తున్న కుర్రాళ్ళకు కోడ్ చెప్పని బండి ముందు నిలబడి ఆలోచించే పద్ధతిని కూడా నేర్పాలి. కరెంటు ఎటు వెళుతుంది, ఎటు తిరిగొస్తుంది, దారిలో ఎంత పోతుంది అన్న మూడు ప్రశ్నలు అరవై ఏళ్ళ ఎంజీబీకి ఎంత అవసరమో, రేపు షెడ్డుకొచ్చే ఎలక్ట్రిక్ బండికీ అంతే అవసరం.